అధికమాసం కేసు

నాకు ఓపిక తక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. బస్సు అయిదు నిమిషాలు రాకపోతే నడిచి వెళ్లిపోయే రకం నేను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడమంటే నా వల్ల కాదు. కుదురుగా కూర్చున్నానని నేననుకుంటాను, కింద కాలు దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. "కాలు ఊపకురా, దరిద్రం" అని అమ్మ ఎన్ని వేలసార్లు అన్నదో లెక్కే లేదు. ఇలాంటివాడు పోయి పోయి సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఆ దారిలో పరీక్షలు రాసేది నాలుగు రోజులు, కాచుకుని కూర్చునేది నెలల తరబడి. ప్రకటన కోసం, హాల్‌టికెట్ కోసం, కీ కోసం, ఫలితం కోసం, మళ్లీ ఇంకో పరీక్ష తేదీ కోసం. కాలుగాలిన పిల్లిలా తిరిగాను ఆ రోజుల్లో.

మాది మొఘల్‌పురాలో ఒక సన్న గల్లీ. గల్లీ చివర చిన్న గుడి ఉంది. తాతల నాటి నుంచీ ఆ గుడి పూజ మా ఇంటిదే. మా బాపు, ఆయన అన్న, ఇద్దరే మగపిల్లలు ఆ ఇంట్లో. అన్నను నేను పెద్దబాపు అంటాను. తాత పోయాక ఇంటిని మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. పూజను నెలల లెక్కన పంచుకున్నారు. ఒక నెల పెద్దబాపు వంతు, ఒక నెల మా వంతు. అమావాస్య నాడు తాళంచెవి చేతులు మారేది. చదువుతో నాకేం ఉద్యోగం వస్తుందో తెలియదు కాని, ఆ వంతుల్లో మూడో పాలు పెట్టడానికి చోటు లేదన్న సంగతి అప్పుడే తెలిసిపోయింది.

మొదటి రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. ఆ తర్వాత ఒంటి పరీక్షలు. పరుగు నాకు కష్టం కాలేదు, ఆగకుండా తిరగడం అలవాటే కదా. తెల్లవారుజామునే లేచి ఫలక్‌నుమా స్టేషన్ దాకా ఉరికి, మళ్లీ ఉరుక్కుంటూ ఇంటికి వచ్చేవాడిని. ఎటొచ్చీ ఆ ఇనుప గుండు విసరడం దగ్గరే నా పని అయిపోయేది. అది నా చేతిలోంచి లేచి, ఎక్కడికీ వెళ్లబుద్ధి కానట్టు నా కాళ్ల ముందే పడేది. మాకు నేర్పే పెద్దమనిషి పాత హవల్దారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం తింటవ్ నువ్వు?"

"అన్నం, పప్పు, చారు సార్."

"గుడ్డు?"

"మాది పూజారుల ఇల్లు సార్."

"దేవునికి పెట్టుమంటున్ననా? నువ్వు తినుమంటున్న."

ఆ రోజు నుంచీ స్టేషన్ బయట బండి దగ్గర, రోడ్డుకు వీపు చేసి నిలబడి, రోజుకు రెండు ఉడికిన గుడ్లు మింగాను. అమ్మ కనిపెట్టింది. నా కంచం, నా చెంబు వేరే కడగడం మొదలుపెట్టింది. గుండు చివరికి గీత దాటింది, చివరి రాతపరీక్షలూ అయిపోయాయి. ఒకనాటి సాయంత్రం ఫోన్ తెర మీద జాబితాలో నా నంబరు కనబడింది. గల్లీ అంతా వినబడేలా కేక పెట్టాను. ఎదురింటి దర్జీ మిషన్ ఆపి బయటికొచ్చి, "ఏమైంది భాయ్, ఖైరియతేనా?" అని పరేషాన్‌గా అడిగాడు. ఎస్సైనయ్యానని చెప్పాను. నిజానికి అప్పటికింకా కాలేదు.

సర్టిఫికెట్లు చూపించడానికి పిలిచినప్పుడు ఒక ఫారం ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి, చేత్తో మూడు ప్రతులు నింపి తెమ్మన్నారు. పుట్టిన ఊరు, ఉన్న ఇళ్లు, చదివిన బళ్లు, అన్నీ చకచకా రాసుకుంటూ పోయాను. రెండో పేజీలో పెన్ను ఆగింది. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా, కోర్టు ముందు నిలబడ్డారా అని అడిగారక్కడ. దాని కింద లావు అక్షరాల్లో, ఏది దాచినా ఎంపిక రద్దు చేస్తామని ఉంది. కోచింగ్‌లో ఈ గడి గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. చిన్న కేసు దాచి, శిక్షణ సగంలో ఉండగా ఇంటికి తిరిగొచ్చినవాళ్లున్నారని.

నా మీద కేసు ఉంది. అది ఎలా వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం ఫికర్ లేదు.

దానికి ఆరేళ్ల ముందు, ఒక ఏడాది అధికమాసం వచ్చింది. జ్యేష్ఠాలు రెండన్నమాట. తాత ఉన్నన్నాళ్లూ పూజంతా ఆయనదే కాబట్టి అది ఎవరి వంతన్న ప్రశ్నే పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది. జ్యేష్ఠం ఎప్పుడూ పెద్దబాపుది. జ్యేష్ఠమన్న పేరున్నవి రెండూ తనవేనని ఆయన అన్నాడు. పేరుతో పనేంటి, అమావాస్య దాటితే వంతు మారాలి, రెండోది మాదని బాపు అన్నాడు. ఇద్దరూ పంచాంగం చూసే మనుషులే, ఊరందరికీ ముహూర్తాలు పెట్టేవాళ్లే. ఆ పాడ్యమి పొద్దున బాపు గుడికి వెళ్లేసరికి పెద్దబాపు అప్పటికే తలుపు తీసి అభిషేకానికి నీళ్లు పెట్టుకుంటున్నాడు. తాళంచెవి ఇమ్మని ఈయన, ఇవ్వనని ఆయన. నేను బిందె పట్టుకుని వాకిట్లో ఉన్నాను. నా కళ్ల ముందే బాపు అన్నను తోశాడు. పెద్దబాపు బలిపీఠం దిమ్మె మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

దవాఖానాలో ఎముక విరిగిందనగానే వాళ్లు ఠాణాకు కబురు చేశారు. అక్కడి కానిస్టేబుల్ వచ్చి, ఎవరు నెట్టారని అడిగాడు. తమ్ముడని చెబితే తమ్ముడి మీద కేసవుతుంది. కేసున్న పూజారిని గుడి కమిటీవాళ్లు మెట్లు ఎక్కనివ్వరు. అన్నదమ్ములు తాళంచెవి కోసం కొట్టుకున్నారని తెలిస్తే ఇద్దరి చేతుల్లోంచీ పూజ పోతుంది. అంత నొప్పిలోనూ పెద్దబాపుకు ఆ లెక్క తట్టింది. "తమ్ముని కొడుకు" అని చెప్పాడు. మధ్యాహ్నం బాపు నన్ను దవాఖానా మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, భుజం మీద చెయ్యేసి అన్నాడు.

"పెద్దోళ్ల పేరు పోతే గుడి పోతది బిడ్డా. నువ్వు చదువుకునే పోరనివి. నీకేమైతది?"

నాకు పంతొమ్మిదేళ్లు. ఏమవుతుందో నాకూ తెలియదు. సరేనన్నాను. ఆ సాయంత్రం బాపు నన్ను ఠాణాకు తీసుకెళ్లాడు. అక్కడి ఎస్సై కుర్రవాడు, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద ఉంటాడేమో. బాపును చూసి లేచి నిలబడి, "కూసోండ్రి అయ్యగారూ" అని తన గది బయట కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. నన్ను గదిలోకి రమ్మన్నాడు. గంట తర్వాత సంతకం తీసుకుని పంపేశారు. ఏడాది తిరక్కుండా లోక్ అదాలత్‌లో రాజీ అయింది. రాజీ పడ్డారా అని అడిగారు, పడ్డామన్నాం, కేసు కొట్టేశారు. అన్నదమ్ములు మాత్రం రాజీ పడలేదు. ఆ రోజు నుంచీ ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు. నేను ఎస్సై కావాలని ఎందుకనుకున్నానని కోచింగ్‌లో అడిగితే దేశసేవ అని చెప్పేవాడిని. అసలు సంగతి ఆ ఠాణాలో కుర్చీ. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో చెప్పేది ఆ కుర్రవాడే. నాకు ఆ చోటు కావాలనిపించింది.

ఫారం పట్టుకుని బాపు దగ్గరికి వెళ్లాను. ఆయన గంధం తీస్తున్నాడు. గడి చూపించాను. అద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు.

"లేదు అని రాయి."

"ఉంది గద బాపు."

"కొట్టేసిండ్రు గదా, ఇంకేం కేసు? అయినా నువ్వు నెట్టినవా? నెట్టలే. మరి లేదనుడే నిజం."

నా దిమాక్ ఖరాబైంది. "నేను నెట్టలేదని నీకెరుక, నాకెరుక, పెద్దబాపుకెరుక. ఠాణల కాయితానికి ఎరుకనా? దాని మీద నా పేరుంది. మీరిద్దరే రాయించిండ్రు!"

"గట్ల ఒర్రకు. గోడవతల వినవడతది."

"విననీ! వినవలసినోళ్లే ఉన్నరు అవతల!"

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. బాపు మళ్లీ గంధం తియ్యడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన తల వంచుకుని తీసిన గంధం వారం రోజులకు సరిపోయేది. నేను లోపలికి వెళ్లి ఆ గడిలో "ఉన్నది" అని రాశాను. మూడు ప్రతుల్లోనూ రాశాను.

తర్వాత జరిగింది అనుకున్నదే. నాతో చదివినవాళ్లకు శిక్షణకు రమ్మని ఉత్తర్వులు వచ్చాయి. నా పేరు పక్కన విచారణలో ఉందని పడింది. ఆఫీసుకు వెళితే ఠాణా నుంచి రిపోర్టు రావాలన్నారు. ఠాణాకు వెళితే మనిషి వస్తాడు, ఇంటికి పొమ్మన్నారు. శిక్షణ మొదలవడానికి పన్నెండు రోజులుంది. ఆలోగా రిపోర్టు వెళ్లకపోతే ఈ దఫా పోయినట్టే, వచ్చే దఫా ఎప్పుడో దేవుడికే తెలియదు. ఇంట్లో నిలవలేక బేగంబజార్‌కు పోయి ఇనప్పెట్టె, బకెట్టు, దోమతెర కొనుక్కొచ్చాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. రోజుకు నాలుగుసార్లు గల్లీ మొగదాకా పోయి ఎవరైనా వస్తున్నారా అని చూసేవాడిని.

అసలు భయం ఠాణా గురించి కాదు. అలాంటి విచారణలో ఇరుగుపొరుగును అడుగుతారు, ముందుగా కేసు పెట్టినవాళ్లను అడుగుతారు. అంటే పెద్దబాపును. పిల్లవాడు రౌడీ అని ఆయన ఒక్క మాటంటే నా బతుకు బుగ్గిపాలే. అనడానికి ఆయనకు కారణమూ ఉంది. విరిగిన మణికట్టు సరిగా అతకలేదు, వంకరగా ఉండిపోయింది. హారతి పళ్లెం ఎడమచేత్తో తిప్పకూడదు కనుక, కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించి ఇస్తాడు. "పోయి కాళ్ల మీద పడు" అని అమ్మ పోరింది. రెండుసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. చెయ్యని తప్పుకు కాళ్ల మీద ఎలా పడాలో తెలియక రెండుసార్లూ తిరిగొచ్చాను. చేసినవాడు ఇంట్లో పంచాంగం తిరగేస్తూ కూర్చున్నాడు. ఆయన మీద నాకెంత మంటగా ఉండేదంటే, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఇంకా అయిదు రోజులుందనగా మధ్యాహ్నం ఏఎస్సై వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మోటారుసైకిల్ గుడి గోడకు ఆపి, చంకలో ఫైలుతో నేరుగా పెద్దబాపు వాళ్ల అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. పెద్దమ్మ తెచ్చిచ్చింది. నన్ను కేకేసి ఎదురుగా నిలబడమన్నాడు. దర్జీ మిషన్ ఆపాడు. గుడి ముందు పూలమ్మే ఆమె మూరలు కొలవడం ఆపింది. బాపు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ నెల మాదే, పొద్దుటి విభూతి ఇంకా నుదుటి మీద ఉంది.

"అయ్యగారూ, మీ చెయ్యి ఇరిగిన కేసు. ఈ పిలగాడేనా?"

పెద్దబాపు తన మణికట్టు వైపు చూసుకున్నాడు. ఏఎస్సై నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. నెట్టినవా లేదా?"

ఆరేళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఠాణాలో సంతకం పెట్టమన్నారు. కోర్టులో రాజీ పడ్డావా అన్నారు. బాపు నీకేమవుతుందన్నాడు. నెట్టావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. లేదన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. లేదంటే, మరి ఎవరు అంటాడు. గుమ్మంలో బాపు జంధ్యం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మీద అంత కోపం ఉండీ నాకు నోరు రాలేదు.

"నెట్టిన సార్."

"కాదు సార్." బాపు గొంతు. మెట్లు దిగి గల్లీలోకి వచ్చాడు. "నెట్టింది నేను. పేరు వానిది చెప్పినం. నేను, మా అన్న, ఇద్దరం కలిసి వాని మీద ఏసినం."

ఏఎస్సై పెద్దబాపు వైపు చూశాడు.

"ఏందయ్యా ఇది?"

"ఔ సార్," అన్నాడు పెద్దబాపు. "గంతే."

ఏఎస్సై పెన్నుకు మూత పెట్టేశాడు. "నా సర్వీసుల దొంగతనం ఒప్పుకున్నోళ్లను చూసిన, ఖూనీ ఒప్పుకున్నోన్ని చూసిన. కొట్టేసిన కేసును ఎదురొచ్చి ఒప్పుకునేటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న. అయ్యగారూ, గిది నేను రాసుకున్ననంటే మీ ముగ్గురు మళ్ల కోర్టు మెట్లెక్కాలె, పిలగాని నౌకరి గంగల గలుస్తది. నేను దానికి రాలే. పిలగాడు మంచోడా కాదా, గది చెప్పుండ్రి."

"మంచోడే," అన్నాడు పెద్దబాపు. "కోపం జర ఎక్కువ."

"అది మా డిపార్ట్‌మెంటుల నడుస్తది," అని ఏఎస్సై మళ్లీ మూత తీశాడు. పాలివాళ్ల తగాదా, రాజీ అయింది, ప్రస్తుతం నడవడి బాగుంది అని రాసి, చదివి వినిపించి, ఫైలు పెద్దబాపు ఒళ్లో పెట్టాడు. ఆ వంకర చేత్తో సంతకం చెయ్యడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. పెన్ను రెండుసార్లు జారింది. మేం అందరం నిలబడి చూస్తున్నాం, ఎవరూ సాయం పట్టలేదు.

మోటారుసైకిల్ వెళ్లిపోయాక పెద్దబాపు తమ్ముడి వైపు చూసి, "ఆరేండ్లు పట్టింది నీకు" అన్నాడు. అంతే, లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున బాపు గుడికి వెళ్లలేదు. మా వంతు ఇంకా సగం నెల ఉంది. తాళంచెవి అన్నకు పంపించేశాడు. "అన్న బొక్క ఇరగ్గొట్టిన చేతులతోని ఇన్నేండ్లు హారతిచ్చిన. ఇగ చాలు" అన్నాడు అమ్మతో. కమిటీవాళ్లు వచ్చి అడిగినా, చివరికి పెద్దబాపే గుమ్మంలోకి వచ్చి పిలిచినా కదల్లేదు. నేను సంతోషించానా? లేదు. నిజం చెప్పాలంటే ఒళ్లు మండిపోయింది. ఆ మాటేదో నాతో అనొచ్చు కదా. ఆరేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఎవరో తెలియని ఏఎస్సైకి చెప్పాడు గాని, నాకు చెప్పలేదు.

ఉత్తర్వు శిక్షణకు ఒక రోజు ముందు వచ్చింది. బయలుదేరే పొద్దున నేను బూట్లు కట్టుకుంటున్నాను. బాపు వచ్చి పక్కన అరుగు మీద కూర్చున్నాడు. గుడికి వెళ్లే పని లేక, ఆ వేళప్పుడు ఏం చెయ్యాలో ఆయనకు తెలియడం లేదు. ఆటో కోసం నేను గల్లీ మొగ వైపు చూస్తున్నాను.

"ఆ రోజు ఠాణల నిన్ను కొట్టిండ్రా?" అన్నాడు.

బూటు తాడు చేతిలోనే ఉండిపోయింది. లేదని చెప్పి ఆటో ఎక్కెయ్యొచ్చు. నా బుద్ధి ఊరుకోదు కదా.

"కొట్టిండు. ఒక్కటే. నువ్వు బయట కుర్చీల కూసున్నప్పుడు."

"నాకు వినవడ్డది," అన్నాడు బాపు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన గల్లీ వైపే చూస్తున్నాడు.

"చేతిల టీ ఉండె. చప్పుడు వినవడ్డది. ఏ తలుపో కొట్టుకుందనుకున్న. తలుపు కాదని ఎరుకే. తాగిన." నా ఇనప్పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు ఎవల్నన్న కొడితే బయట కూసున్నోనికి వినవడతది బిడ్డా."

ఆటో వచ్చింది. ఆయన కాళ్లకు దండం పెట్టి పెట్టె ఎత్తుకున్నాను.

శిక్షణ అయింది, పోస్టింగు వచ్చింది. నా గది బయట కూడా ఒక బల్ల ఉంది. మొదటి ఏడాది ఒకరోజు బండ్లు ఎత్తుకుపోయే కేసులో తీసుకొచ్చిన ఒకతను అడిగినదానికల్లా నవ్వుతున్నాడు. నాకు ఓపిక తక్కువని ముందే చెప్పాను. చెయ్యి లేచిపోయింది, ఒక్కటి పడింది. ఆ వెంటనే నా కాళ్లు నన్ను గది బయటికి లాక్కొచ్చాయి. బల్ల మీద అతని నాన్న కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నేల వైపు చూస్తూ. వినబడిందా అని ఆయన్ను అడగలేకపోయాను.